జపాను పేర్లకు మన అక్షరాలు



ఈనాటి ప్రసంగ విషయం వినగానే, జపాను వాళ్ల పేర్లతో మనకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇరవై ఏళ్ల కిందటయితే నేనూ ఆ మాటే అనేవాణ్ణి. ఇప్పుడలా అనడానికి లేదు. సత్యవేడు, వరదయ్యపాళెం పక్కన శ్రీసిటీ వెలిసింది. అక్కడ ఇసుజు వాహనాల ఫ్యాక్టరీ 2016లో మొదలయింది. కొబెల్కో వారు మట్టి తవ్వే యంత్రాలు తయారు చేస్తున్నారు. దైకిన్ వారి ఏసీల ఫ్యాక్టరీ 2023లో వచ్చింది. ఇటు చెన్నై వైపు ఒరగడంలో రెనో, నిస్సాన్ కలిసి 2010లో కార్ల ఫ్యాక్టరీ తెరిచాయి. వల్లం వడగాల్‌లో యమహా మోటారు సైకిళ్లు తయారవుతున్నాయి. గుమ్మిడిపూండి, ఊత్తుకోట, తడ, సూళ్లూరుపేట, నాగలాపురం పిల్లలు ఎందరో తెల్లవారకముందే కంపెనీ బస్సుల కోసం రోడ్డు మీద నిలబడుతున్నారు. వాళ్లలో కొందరికి పైఅధికారి జపాను మనిషి. ఆయన్ను రోజుకు పదిసార్లు పేరు పెట్టి పిలవాలి.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడు ఒకడు అటువంటి ఒక కంపెనీలో, వచ్చే పోయే అతిథులకు కార్లు, బసలు ఏర్పాటు చేసే పనిలో చేరాడు. కంపెనీ పేరు మనకెందుకు? ఒక వారం జపాను నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. ఇద్దరి పేర్లూ ఇంగ్లీషు కాగితం మీద ఒక్కలాగే ఉన్నాయి. ఓ, ఎన్, ఓ. అంతే. మూడే అక్షరాలు. మరునాడు తెల్లవారి విమానానికి వెళ్లవలసిన ఆయనకు కారు పంపమని రాత్రి ఫోను వచ్చింది. అవతలి జపాను ఆయన పేరు స్పష్టంగానే చెప్పాడు. మనవాడు ఒక హోటలుకు పంపవలసిన కారును ఇంకో హోటలుకు పంపాడు. విమానం తప్పిపోయింది. వాడు పడిన మాటలు ఇక్కడ చెప్పను. ఆదివారం మా ఇంటికి వచ్చి, "సార్, రెండు పేర్లూ ఒకటే గదా, నన్నెందుకు అన్నారు?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

రెండు పేర్లూ ఒకటి కావు. ఒకాయన ఒనొ, రెండో ఆయన ఓనొ. ఒకరికి మొదటి అచ్చు పొట్టి, ఇంకొకరికి పొడవు. జపాను లిపిలో ఒనొ అంటే చిన్న బయలు, ఓనొ అంటే పెద్ద బయలు. మన ఊళ్ల పేర్లలో చిన్న, పెద్ద ఉన్నట్టే. పాటలు పాడే యోకొ ఒనొ చిన్న బయలు ఇంటి ఆడపడుచు. టొయోటా ఫ్యాక్టరీలలో ఇప్పుడు లోకమంతా అనుసరించే ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన ఓనొ తైఇచి పెద్ద బయలు ఇంటివాడు. ఇంగ్లీషులో ఆ తేడా చూపడానికి కొందరు ఓ పక్కన హెచ్ చేరుస్తారు. చాలామంది చేర్చరు. పాస్‌పోర్టులో సాధారణంగా దీర్ఘం రాయరు. ఇంగ్లీషు చదివేవాడికి ఇద్దరూ ఒక్కరే అయిపోతారు.

తెలుగు పిల్లవాడికి అలా కాకూడదు. మెడ వేరు, మేడ వేరు అని మనకు ఒకటో తరగతికి ముందే తెలుసు. ఒడిలో కూర్చోవడం వేరు, ఓడి కూర్చోవడం వేరు. హ్రస్వమైన ఎ, ఒ లకు మన లిపిలో ప్రత్యేకంగా అక్షరాలున్నాయి. తమిళంలోనూ ఉన్నాయి. హిందీ లిపిలో మామూలుగా వీటికి వేరే గుర్తులు లేవు. అయిదు అచ్చులు, వాటికి అయిదు దీర్ఘాలు: జపాను భాషకు ఉన్న సంపద ఇదే. మన బాలశిక్షలో మొదటి పుట తెరిచి చూస్తే అదంతా కనిపిస్తుంది. వాళ్లలో 'ఒబసన్' అంటే అత్త, పిన్ని వరస. 'ఒబాసన్' అంటే అవ్వ. ఒక్క దీర్ఘంతో మనిషికి ముప్పై ఏళ్లు మీద పడతాయి.

మరి మన పిల్లవాడు ఎందుకు తప్పాడు? వాడు జపాను పేరును జపాను నోటి నుంచి వినలేదు. ఇంగ్లీషు కాగితం మీద చూశాడు. నా మనసులో ఉన్న మాట ఇదే. జపానుకూ మనకూ మధ్య ఇంగ్లీషు దళారి కూర్చున్నాడు, తూకంలో కొంత ఎప్పుడూ పోతూనే ఉంది.

టోక్యో అని మనం ట రాస్తాం. ఎందుకు? ఇంగ్లీషు 'టి' కనబడితే మన చెయ్యి ట వైపే పోతుంది. జపానులో ఆ శబ్దం నాలుక కొన పళ్లకు తగిలి పలికేది, మన త. రెండు అచ్చులూ దీర్ఘాలే: తోక్యో. టొయోటా అని మనం పలికేది అసలు తొయొత, మూడూ పొట్టి అచ్చులే. ఆ కంపెనీ పెట్టిన కుటుంబం ఇంటిపేరు తొయొద. కారుకు పేరు పెట్టేటప్పుడు 1936లో తొయొత అని మార్చారు. అలా రాస్తే వాళ్ల లిపిలో ఎనిమిది గీతలతో సరిపోతుందనీ, ఎనిమిది శుభమనీ ఒక కారణం చెబుతారు. వాస్తు చూసేవాళ్లం, మనం నవ్వడానికి లేదు. ఇక హోండా. 1984లో హీరో హోండా కంపెనీ పుట్టిన తరువాత ఆ పేరు తెలియని పల్లె లేదు. అసలు పలుకు హొంద. కంద, మంద అన్నట్టు. పాఠాలలో హిరోషిమా అని చదువుతాం. వాళ్లకది హిరొశిమ, నాలుగూ హ్రస్వాలే. అందులో వినిపించేది శంఖంలోని శకారం, షట్కోణంలోని షకారం కాదు. కవాసాకి కాదు, కవసకి. యమహా కాదు, యమహ. హైకూ అని పత్రికలు దీర్ఘం పెట్టి అచ్చువేస్తాయి, అది కూడా హైకు.

మాట చివర ఒకారం, ఎకారం పొట్టిగా నిలపడం మన నోటికి అలవాటు లేదు. అందుకని క్యోతొ అనవలసిన చోట క్యోతో అని సాగదీస్తాం. ఆ తప్పు ఇంగ్లీషుది కాదు, అచ్చంగా మనదే. కొంచెం సాధన చేస్తే పోతుంది.

ఇంగ్లీషు చదువరులకు ఇంకొక చిక్కు ఉంది. మాట చివర ఇ అక్షరం కనిపిస్తే దాన్ని మింగేస్తారు, కాకపోతే ఈకారం చేస్తారు. జపాను ప్రధానిగా పనిచేసిన అబె శిన్‌జోకు మన ప్రభుత్వం 2021లో పద్మవిభూషణ్ ఇచ్చింది. ఆయన ఇంటిపేరు ఇంగ్లీషులో చూసి 'ఏబ్' అన్నవాళ్లను నేనెరుగుదును. వతనబె అనే ఇంటిపేరు 'వాటనాబీ' అవుతుంది. మన వీధుల్లో పిల్లలు నేర్చుకునే కరాటే అసలు కరతె. కర అంటే ఖాళీ, తె అంటే చెయ్యి.

ఇప్పుడు ఒక మంచి సంగతి చెబుతాను. మా అవ్వ చుక్క, చుట్టం, చలి అన్నప్పుడు వచ్చే చకారం మీకు గుర్తుందా? చిలుక, చెట్టు అన్నప్పుడు వచ్చే చకారం వేరు. మొదటిదానిలో నాలుక పళ్ల వెనక్కి ఆనుతుంది, చివర కాస్త సకారం వినిపిస్తుంది. బ్రౌన్ దొర 1852లో మద్రాసులో అచ్చయిన తన నిఘంటువులో ఈ రెంటినీ వేరు చేసి చూపాడు. పాత పుస్తకాలలో ఆ చకారం మీద ఒక చిన్న గుర్తు ఉంటుంది. అలాగే జిల్లాలోని జకారం వేరు, జొన్నలోని జకారం వేరు. బడికి వెళ్లి ఇంగ్లీషు, తమిళం చదివిన మన పిల్లలు చాలామంది చుక్కను చిలుకలోని చకారంతో పలుకుతున్నారు. పల్లెలో పెద్దవాళ్లు మాత్రం పోగొట్టుకోలేదు.

జపాను వాళ్ల చకారం అచ్చం ఇలాగే నడుస్తుంది. ఇకారం ముందు చిలుకలోని చి. చిబ అనే ఊరు ఉంది, అందులో అదే. ఉకారం ముందు చుక్కలోని ౘు. మిత్సుబిషి అని మనం త, స కలిపి అవస్థ పడే పేరు నిజానికి మిౘుబిశి. మాజ్దా కారుకు పేరిచ్చిన ఇంటిపేరు మౘుద. జకారమూ అంతే. ఫుజి కొండలో జిల్లాలోని జి. సుజుకి పేరులో, ఇసుజు పేరులో జొన్నలోని జకారం. ఇసుజు అన్నది ఇసె దేవాలయం పక్కన పారే ఏరు పేరు. మారుతి కారు మన దేశంలో 1983 చివర రోడ్డెక్కడానికి తోడ్పడిన సుౙుకి ఒసము 2024 డిసెంబరులో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయనకూ పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆయన ఇంటిపేరును ఢిల్లీలోని వార్తలు చదివేవాళ్ల కంటే జొన్నలు కొలిచే మన ముసలమ్మ సరిగ్గా పలకగలదు. నేను సరదాకు అనడం లేదు. ఇంటికి వెళ్లి పెద్దవాళ్లచేత అనిపించి చూడండి.

సున్న సంగతి కూడా చెప్పాలి. మనం కంబళి, కంద, కంగారు అని మూడు మాటలలో ఒకే సున్న రాస్తాం. పలికేటప్పుడు అది మ అవుతుంది, న అవుతుంది, ఙ అవుతుంది. పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది. జపాను లిపిలోనూ సరిగ్గా ఇటువంటి అక్షరం ఒకటుంది, ఇలాగే మారుతుంది. తెంపుర అనే వాళ్ల వేపుడు వంటకంలో అది మకారం. హొందలో నకారం. ఇంగ్లీషులో ఎమ్ రాయాలా ఎన్ రాయాలా అని పుస్తకాలు కొట్టుకుంటాయి. మనకు ఆ తగవు లేదు, సున్న పెట్టి ఊరుకుంటాం. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ఆ సున్న తరువాత అచ్చు వస్తే కలిపేయకూడదు. కెన్-ఇచి అని విడిగా ఆగాలి. కెనిచి అంటే పేరు పాడయినట్టే.

పేరును ఊనిక లేకుండా సమంగా పలకాలి. ఇంగ్లీషు వాళ్లు ఏదో ఒక అక్షరం మీద బరువు వేసి తక్కినవి నమిలేస్తారు. జపాను మాటలో స్వరం కొద్దిగా పైకీ కిందికీ పోతుందే కాని, ఏ అక్షరమూ నలగదు. వాళ్ల కొలత మాత్ర. ఛందస్సు చదువుకున్నవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. తోక్యో రెండు గురువులు, నాలుగు మాత్రలు. వాళ్లూ నాలుగే లెక్కపెడతారు. నిప్పొన్ అనేది వాళ్ల దేశం పేరు, మన లెక్కలోనూ నాలుగే, వాళ్ల లెక్కలోనూ నాలుగే. ఓసక గురువు, రెండు లఘువులు. హొంద మూడు. అట్టు వేరు, అటు వేరు అన్నట్టే వాళ్లలో 'కిత్తె' తపాలా బిళ్ల, 'కితె' అంటే రా అని. హత్తొరి, నిత్త అనే ఇంటిపేర్లలో ఒత్తు వదిలేస్తే మాత్ర తగ్గి మనిషి మారిపోతాడు.

ఎప్పుడో 1867లో హెప్బర్న్ అనే అమెరికా డాక్టరు, మతప్రచారానికి జపాను వెళ్లినవాడు, జపాను ఇంగ్లీషు నిఘంటువు వేశాడు. ఆయన పేరుతోనే ఇప్పటికీ జపాను పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో రాసే పద్ధతి నడుస్తోంది. హల్లులు ఇంగ్లీషులోలాగా, అచ్చులు ఇటాలియనులోలాగా చదవమని దాని సూత్రం. తెలుగును తూర్పు ఇటాలియన్ అని మురిసిపోయే మనం ఆ రెండో సగాన్ని తేలికగా పట్టుకోవచ్చు.

అయితే చిక్కులు లేవని కాదు. ఫుజి, ఫుకుఒక వంటి పేర్లలోని ఫకారం ఇంగ్లీషు ఎఫ్ కాదు. పళ్లు పెదవికి తగలవు. దీపాన్ని మెల్లగా ఊదినట్టు రెండు పెదవుల మధ్య నుంచి గాలి వదలాలి. యమశిత అన్నప్పుడు శికారంలోని ఇకారం దాదాపు వినిపించదు, యమశ్‌త అన్నట్టుంటుంది. ఇవి అక్షరాలతో తెలిసేవి కావు, వినాలి. చెన్నైలో జపాను భాష నేర్పే చోట్లున్నాయి. జపానులో శిక్షణ పొంది వచ్చినవాళ్లు నడిపే ఏబీకే-ఏఓటీఎస్ దోసోకై వాటిలో ఒకటి. దోసోకై అంటే పూర్వ విద్యార్థుల సంఘం. అటువంటి తరగతులకు నేనూ ఒక ఏడాది సాయంత్రాలు వెళ్లాను. వయసు మీద పడ్డాక నేర్చినది కనుక వాళ్ల లిపి నాకు అంతంతమాత్రమే. చెవి మాత్రం కొంత కుదిరింది.

ఆ తరగతిలో ఉపాధ్యాయిని ఒకరోజు ఇంటిపేర్లు చెబుతున్నారు. 'త' అంటే వరిమడి, 'యమ' అంటే కొండ. రెండూ కలిస్తే యమత కావాలి గదా, యమద అన్నారు. 'కవ' అంటే ఏరు. చిన్న ఏరు ఒకవ కాదు, ఒగవ. 'కుచి' అంటే నోరు. యమకుచి కాదు, యమగుచి. ఇంగ్లీషు చదువుల కుర్రవాళ్లు ఇదేమి అన్యాయమని గొడవ చేశారు. నాకు ఒళ్లు జలదరించింది. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. కూర, కాయ కలిస్తే కూరగాయ. త ద అవుతోంది, క గ అవుతోంది. పదో తరగతి పిల్లలు పరీక్షకు బట్టీపట్టి పరీక్ష కాగానే మరిచిపోయే గసడదవాదేశ సంధి, ఎక్కడో సముద్రాల అవతల మనుషుల ఇంటిపేర్లలో కూర్చుని ఉంది. రెండు భాషలకూ చుట్టరికం ఉందని నేను అనను. అనేవాళ్లున్నారు, అది పండితులు తేల్చుకోవలసిన విషయం. నోటికి సులువు ఎక్కడైనా ఒకటే కావచ్చు.

ఈ సంధి అన్ని పేర్లలోనూ రాదు. ఒకే రాతను కొందరు నకత అంటారు, కొందరు నకద అంటారు. ఒకరు యమసకి, ఇంకొకరు యమౙకి. ఇక్కడ తమిళ బడిలో చదివిన మన పిల్లలు మరీ జాగ్రత్తపడాలి. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, త, ద లకు ఒకటే. తమిళంలో ఆ చాలీచాలని తనం పూరించుకునే పద్ధతులు తమిళానికి ఉన్నాయి, పరాయి పేర్లకు అవి సరిపోవు. అందుచేత జపాను పేరు రాసుకునేటప్పుడు తెలుగులో రాసుకోండి. తెలుగు రాయడం రాదనే పిల్లలు మన సరిహద్దు ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, రాయడానికి మాత్రం ఒక ఓనమాలైనా నేర్పలేదు. నాకు మనసు కష్టపెట్టే విషయం అది. దాని గురించి ఇంకొకసారి.

నకతా, నకదా అన్నది ఎలా తెలుసుకోవడం? అడగాలి. ఇందులో నామోషీ లేదు. జపాను వాళ్లే ఒకరినొకరు మీ పేరు ఎలా చదవాలి అని అడుగుతారు. వాళ్లు పేర్లు రాసేది బొమ్మల వంటి చీనా అక్షరాలతో. ఒక అక్షరానికి రెండు మూడు చదువులుంటాయి. పేరు పలికే తీరును కుటుంబ రిజిస్టరులో కూడా చేర్చాలని అక్కడి ప్రభుత్వం చట్టం మార్చింది, 2025 మే నెల నుంచి అది అమలయింది. సొంత దేశంలో ప్రభుత్వమే అడుగుతున్నప్పుడు మనం అడిగితే తప్పేముంది?

మర్యాదల విషయంలో మనకు పెద్ద శ్రమ లేదు. వాళ్లకూ ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. ఇంగ్లీషు వాళ్ల కోసం చాలాకాలం తిప్పి రాశారు. 2020 జనవరి నుంచి అక్కడి ప్రభుత్వ కాగితాలలో ఇంగ్లీషులోనూ ఇంటిపేరే ముందు రాయాలని నిర్ణయించారు. పేరు చివర 'సన్' చేర్చడం మన గారు వంటిది. మనం సాగదీసి సాన్ అంటాం, అది పొట్టిదే. మనల్ని మనం ఫలానా గారిని అని చెప్పుకోనట్టే, వాళ్లు తమ పేరుకు సన్ తగిలించుకోరు. మనవాళ్లు కొందరు ఫోనులో "నేను రమేష్ సాన్ మాట్లాడుతున్నాను" అంటారట. అవతలివాళ్లు నవ్వు ఆపుకోవడం కష్టం.

మన పేర్లు వాళ్ల నోట ఏమవుతున్నాయో కూడా న్యాయానికి చెప్పాలి. వాళ్లకు లకారం లేదు, ఉన్నది రకారమే. వకారం బకారమవుతుంది. హల్లు మీద ఆగడం రాదు, ఒక అచ్చు తగిలిస్తారు. 2022లో ఆర్ఆర్ఆర్ సినిమా విడుదలకు రాజమౌళి గారు జపాను వెళ్లినప్పుడు అక్కడి అభిమానులకు ఆయన రాజమౌరి. ఎంత ప్రేమతో అన్నారో! మా విద్యార్థి పేరు వెంకటతో మొదలవుతుంది. ఆ ఓనొగారు, విమానం తప్పినాయనే, వాణ్ణి 'బెంకత' అని పిలిచేవారు. తరువాత ఒకరోజు కాగితం మీద తమ లిపిలో రాసుకుని, "మళ్లీ చెప్పు, మెల్లగా చెప్పు" అని నాలుగయిదుసార్లు చెప్పించుకున్నారట. వకారం చివరిదాకా కుదరలేదు.

వాడు ఇప్పుడు అట్ట వేసిన నోటు పుస్తకం ఒకటి పెట్టుకున్నాడు. వచ్చిన ప్రతి మనిషి పేరూ అడిగి తెలుగులో రాసుకుంటాడు. చుక్కలోని చకారం వచ్చినచోట పైన ఎర్ర సిరాతో గుర్తు. మొదటి పుటలో రెండు పేర్లు పక్కపక్కనే ఉన్నాయి: ఒనొ, ఓనొ. రెండో దానికి దీర్ఘం ఎంత పెద్దదిగా పెట్టాడంటే, అది పై గీతను దాటి పోయింది.